బత్తాయి తొక్కలు ఫ్రీజ్ డ్రైయింగ్ చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. మా మహిళా సంఘంలో సున్నిపిండి, కరివేపాకు పొడి చేసి అమ్ముతాం. ఇప్పుడు బత్తాయి, కమలా తొక్కల పొడిని టీలో, హెల్త్ మిక్స్‌లో కలపాలని ఆలోచన. చౌరస్తా దగ్గరి జ్యూస్ బండ్ల వాళ్లు తొక్కలు ఊరికే ఇస్తామంటున్నారు. పారేసేవే గానీ వాటిలో హెస్పెరిడిన్ (ఒకరకం యాంటీఆక్సిడెంట్), పెక్టిన్ (ఒకరకం పీచు), విటమిన్ సి ఉంటాయి.

చిక్కంతా ఆరబెట్టడంలోనే. ఎండలో పెడితే పైపొర గోధుమరంగుకు తిరుగుతోంది, లోపలి తెల్లభాగం తోలులా సాగుతోంది, గిల్లితే వచ్చే ఆ ఘాటైన వాసన సగం పోతోంది. ఫ్రీజ్ డ్రైయింగ్‌లో అయితే మైనస్ 40 డిగ్రీల దాకా గడ్డకట్టించి, వ్యాక్యూమ్‌లో మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరిగా లాగేస్తారు. పెద్దగా వేడి తగలదు కాబట్టి రంగు, విటమిన్ సి బాగా నిలుస్తాయి. కానీ తొక్కకు ఆ వాసననిచ్చే లిమోనీన్ నూనె తేలిగ్గా ఆవిరయ్యేదే కదా, వ్యాక్యూమ్‌లో అది ఎంత మిగులుతుంది?

మిషన్ కొనే స్తోమత మాకు లేదు. వరంగల్, కరీంనగర్ వైపు గానీ, లేదంటే హైదరాబాద్‌లో గానీ కిలోల లెక్కన చేసిచ్చేవాళ్లు ఉన్నారా? చార్జీ ఎట్లా తీసుకుంటారు? తెల్లభాగం ముందే గీకేయాలా? పొడి తేమ పీల్చి ముద్దకట్టకుండా ఏ కవర్ వాడుతున్నారు?

అన్నిటికంటే టెన్షన్ పురుగుమందుల అవశేషాలు, పండు మీద పూసే మైనం గురించి. తినే వస్తువు, పైగా సంఘం పేరు మీద అమ్మేది. ఉప్పునీళ్లతో కడిగితే సరిపోతుందన్న నమ్మకం నాకు లేదు. ల్యాబ్‌లో ఏ టెస్టులు చేయించాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.