పెచ్చులూడిన దూలానికి కార్బన్ పట్టీ వేయించవచ్చా?

ప్రశ్న – బారువ నుంచి
మా ఇల్లు సముద్రానికి దగ్గర. హాలు దూలం అడుగున పొడవునా పగులు వచ్చి, పెచ్చులూడి ఇనుము బయటపడింది. పైన ఇంకో గది కట్టాలని ఉంది. కార్బన్ ఫైబర్ పట్టీ (కార్బన్ పోగులతో చేసిన పలుచని పట్టీ) జిగురుతో అతికిస్తే ఉక్కుకు పదింతల బలం, రెండు రోజుల్లో పని అయిపోతుందని కాంట్రాక్టరు అంటున్నారు. నమ్మవచ్చాండీ?

జవాబు – విజయనగరం, స్ట్రక్చరల్ ఇంజనీరు
పదింతల మాట పోగు వరకు దాదాపు నిజమే, మీ దూలానికి కాదు. ఉప్పుగాలి ఊళ్లలో కడ్డీ వెంబడి వచ్చే ఇలాంటి పగులు చాలావరకు తుప్పు పనే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును నెడుతుంది. దాన్ని అలాగే ఉంచి పైన పట్టీ వేస్తే, కొన్నాళ్లకు పట్టీతో సహా పెచ్చు లేస్తుంది. ముందు దూలం కింద జాకీలు పెట్టించండి. తర్వాత కడ్డీల వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, బాగా అరిగిన చోట కొత్త కడ్డీ జోడించి, పాలిమర్ మోర్టారుతో పూడ్చాలి. అతుకుడు పరీక్షలో (అంటించిన బిళ్లను లాగి చూసే పరీక్ష) కాంక్రీటు కనీసం 1.4 మెగాపాస్కల్ లాగుడుకు నిలవాలి. పట్టీ సంగతి ఆ తర్వాతే.

ప్రశ్న – పలాస నుంచి
మాది జీడిపప్పు కర్మాగారం. డ్రయ్యరు గదిలో దూలానికి ఈ కార్బన్ పట్టీ పనికొస్తుందా?

జవాబు – ఇంజనీరు
వద్దండీ. పట్టీని అంటించే మామూలు ఎపాక్సీ జిగురు 60–80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. అక్కడ దూలం చుట్టూ కొత్త కాంక్రీటు పొర పోసే జాకెటింగ్ మేలు. నిప్పంటుకుంటే ఇళ్లలోనూ పట్టీ ముందే పోతుంది. అందుకే అమెరికా కాంక్రీటు సంస్థ (ఏసీఐ) 440 మార్గదర్శకం ప్రకారం, పట్టీ లేకపోయినా దూలం సొంత బరువు వంటి స్థిర భారానికి 1.1 రెట్లు, మనుషులూ సామానూ వంటి భారంలో 0.75 వంతు కలిపి మోయగలగాలి. ఈ లెక్క చూపని కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వకండి.

బారువ నుంచి
దూలం కాస్త కిందికి వంగింది కూడా. అది సరి అవుతుందా?

జవాబు – ఇంజనీరు
కాదు. బలంలో అంత తేడా ఉన్నా, బిగువులో, అంటే సాగకుండా నిలిచే గుణంలో, కార్బన్ సుమారు 230 గిగాపాస్కల్, ఉక్కు 200. పట్టీ మందం మిల్లీమీటరు అటూ ఇటూ. వంగిన దూలాన్ని అది ఎత్తలేదు. ఇక పై గది అంటారా, స్తంభాలూ పునాదీ కూడా లెక్క వేయించాకే. ఒకవేళ పట్టీ వేయిస్తే, ఆరాక నాణెంతో తట్టి చూడండి. బోలు శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, సరిచేయించాకే మిగతా డబ్బు ఇవ్వండి.