సమస్యాపూరణం: "కాలు లేనివాఁడు గంతులిడెను"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పద్యం నాలుగో పాదం. ముందు మూడు పాదాలు చేర్చి, ఈ వింత మాటకు అర్థం కుదర్చాలి.

"కాలు లేనివాఁడు గంతులిడెను"

వస్తువు చిన్నప్పటి ఆటవస్తువులు. ఒకప్పుడు ఏ వీధిలో చూసినా అవే కనపడి, తర్వాత అటకెక్కినవి. గణాలు (గురు లఘువుల లెక్క) కుదిరితే చాలదు. కాలు లేకపోవడం, గంతులేయడం రెండూ ఆ బొమ్మకు నిజంగా ఉండాలి. బొమ్మ పేరు మార్చినా చెల్లిపోయే పద్యమైతే నాకు నచ్చదని ముందే చెప్తున్నాను. కొత్తవాళ్ల కోసం: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. ప్రాస నియమం లేదు.

గోదారిగట్టు: బోణీ నాదే, బిళ్లంగోడు మీద.

గోడు తగిలి యెగిరి కుంటచేనును దాటి
బడికి పోయె బిళ్ల, పంతులెదుట
పడెను, మాకు నాఁడు పగిలెను వీపులు;
కాలు లేనివాఁడు గంతులిడెను.

నిర్వాహకుడు: బాగుంది! బడి ఎగ్గొట్టి ఆడుతుంటే బిళ్లే వెళ్లి పట్టించిందన్నమాట. "బడికి పోయె బిళ్ల" దగ్గర నవ్వు ఆగలేదు. గంతు కూడా నిజమైన గంతే. బిళ్లకు రెండు కొనలూ చెక్కుతాం కాబట్టే ఒక కొన మీద గోడుతో తడితే అది గాల్లోకి లేస్తుంది. మొద్దు కొన ఉన్న బిళ్ల లేవదు. ఒక్క సందేహం: బిళ్ల ఎగిరింది ఒక్కసారే కదా, "గంతులు" అని బహువచనం ఎందుకు?

గోదారిగట్టు: తట్టినప్పుడు ఒకటి, కొట్టినప్పుడు ఒకటి, పంతులుగారి ముందు పడి ఇంకొకటి. మూడు లెక్కేసుకోండి.

ఓరుగల్లు పిల్లగాడు: మా దిక్కు దీన్ని చిర్రగోనె అంటం. బిళ్లంగోడు అంటే మా పోరగాళ్లకు అర్థం కాదు. పద్యం మాత్రం మస్తుగుంది అన్నా.

వరాహ తీరం: నా పూరణ బొంగరం మీద. మాది లక్క బొమ్మల ఏటికొప్పాక పక్క ఊరే, అందుకని.

లక్కరంగుతోడ లావైన పొట్టతో
బుట్టబొమ్మ వోలె బుడుత చేత
తాడు విడిచినంతఁ దాండవమాడెను;
కాలు లేనివాఁడు గంతులిడెను.

నిర్వాహకుడు: నడక చాలా హాయిగా ఉంది. కానీ సమస్య తీరలేదండీ. బొంగరానికి కాలు లేదంటే ఎవరు ఒప్పుకుంటారు? కింద మేకు ఉందిగా! దాని బతుకంతా ఆ ఒంటికాలి మీదే. పైగా అది తిరుగుతుంది గానీ గంతులేయదు. గంతులేసిందంటే మేకు వంకరగా దిగిందనో, నేల గరుకుగా ఉందనో అర్థం.

వరాహ తీరం: మాస్టారూ, మీరు వీధిలో తాడు చుట్టి విసిరే బొంగరం గురించి చెప్తున్నారు. నేను చెప్పింది మా ఊళ్ల లక్క బొంగరం. అందులో ఇనుము ముక్క ఉండదు. అంకుడు కర్రను తరిణి పట్టి తిప్పుతూ చెక్కుతారు. కర్ర అలా తిరుగుతుండగానే లక్క కడ్డీని దానికి ఆనించి అదిమి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. కుంచె ముంచి వేసే రంగు కాదది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ బొంగరం కొన కూడా కర్రే. మరి దానికి కాలెక్కడుంది?

గోదారిగట్టు: కర్ర కాలూ కాలే కదండీ!

నిర్వాహకుడు: మీ బొంగరం ఏదో నాకు తెలిసింది, ఇంట్లో రెండు ఉన్నాయి కూడా. కానీ దాన్ని వేళ్లతో తిప్పుతాం, తాడుతో కాదు. మీ మూడో పాదంలో తాడు ఉంది. అంటే పద్యంలో వీధి బొంగరం, వాదనలో లక్క బొంగరం! ఏదో ఒక దాని మీదే నిలబడండి. లక్క బొంగరమే అయితే మూడో పాదం ఇలా మార్చవచ్చు:

వేళ్లు తిప్పినంత వెఱ్ఱిగా నాడెను

కాలు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కొన అనేది కాలా కాదా అన్నది సభ్యులే తేల్చాలి.

ఓరుగల్లు పిల్లగాడు: మా తమ్ముడి తరానికి బొంగరం అంటే బేబ్లేడే. జపాన్‌లో 1999లో మొదలైంది. ఇక్కడ కార్టూన్ చూసి పిల్లలంతా ఎగబడ్డరు. అది ఎదుటోణ్ణి గుద్దుకుంట గంతులేస్తది, గరుకు నేల అక్కర్లే. "గంతులు" కావాలంటే దాని మీద రాయండి వరాహ అన్నా.

వరాహ తీరం: లక్క వదిలి ప్లాస్టిక్ పట్టుకోమంటావా తమ్ముడూ? అది మాత్రం జరగదు.

బడిగంట: నేను దొడ్డిదారిన వచ్చాను.

బడికి సెలవు లిచ్చె, పలకలు మూలకుఁ
జేరెఁ, జేత గోళి చేరె మరల;
గోళి యున్నఁ జాలుఁ, గోరఁడేమియుఁ, బుస్త
కాలు లేనివాఁడు గంతులిడెను.

నిర్వాహకుడు: పుస్తకాలు లేనివాడు! కాలు విరవకుండానే సమస్య విరిచారు. అవధానంలో ఇలాంటి విరుపు పడితే సమస్య ఇచ్చిన పృచ్ఛకుడే ముందు చప్పట్లు కొడతాడు. "పుస్తకములు" అనాలని కొందరు పట్టుబడతారు గానీ ఈ వేదికలో ఆ పట్టింపు లేదు. మరి నా షరతు ప్రకారం చూస్తే గోళీ బదులు బంతి పెట్టినా పద్యం చెల్లుతుంది. అదొక్కటే లోటు.

బడిగంట: బంతి కొనాలంటే డబ్బులు కావాలండీ. గోలీసోడా సీసా పగిలితే గోళీ ఊరికే దొరుకుతుంది!

పాత పావలా: ఆ డబ్బుల మీదే నాది.

జాతరందు బూర చక్కనిబొమ్మలు
చూచి చూచి నిలిచి చొక్కువేళ
తాత వచ్చి బొమ్మ దక్కించె, రూకలోఁ
గాలు లేనివాఁడు గంతులిడెను.

కాలణాలో కాలు, నాలుగో వంతు.

నిర్వాహకుడు: జేబులో పావలా లేని పిల్లాడు! అర్థం భేష్. కానీ "రూకలో" ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట). మీరే సరళాదేశం చేసి, అంటే దాని తర్వాతి "క"ను "గ" చేసి, "గాలు" అని రాశారు. అలా రాస్తే ఇచ్చిన పాదం మారిపోయింది, సమస్య చెడింది. "దక్కించె, రూపాయి / కాలు లేనివాఁడు" అంటే గణమూ కుదురుతుంది, ద్రుతం గొడవా ఉండదు.

పాత పావలా: అలాగే మార్చుకుంటాను. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. పావలా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. ఇప్పటి పిల్లలకు ఈ పూరణ చెప్పాలంటే ముందు లెక్కలు చెప్పాలి.

కొత్త కలం: అందరికీ నమస్కారం. నాకిది మొదటి పద్యం. మా అమ్మమ్మగారింట్లో తంజావూరు బొమ్మ ఉండేది, ఎంత తోసినా పడిపోదు.

అడుగు బరువు వాఁడు సరదాగ నవ్వుచుఁ
దోసినంత లేచుఁ దూలి తూలి
తాత నడచినట్లు తలయూపి తలయూపి;
కాలు లేనివాఁడు గంతులిడెను.

నిర్వాహకుడు: మొదటి పద్యమా? నమ్మమంటారా! "అడుగు బరువు వాఁడు" అన్న రెండు ముక్కల్లో బొమ్మ కిటుకంతా చెప్పేశారు. అడుగున గుండ్రంగా బరువుగా మట్టి, పైన తేలిక. ఎటు వంచినా బరువు మళ్లీ కిందికే లాగుతుంది. దానికి కాళ్లు ఉంటే ఆ ఆటే లేదు. నేను అడిగింది ఇదే. మొదటి పాదంలో యతి తప్పింది: "అ"కు "స" కుదరదు. "హాయిగా నవ్వుచు" అంటే సరి. అకారానికి హకారంతో యతి చెల్లుతుంది, గణాలూ కుదురుతాయి. ఇక "గంతులు" అంటే కొంచెం ఎక్కువే, అది ఊగుతుంది. కానీ గట్టిగా తోస్తే కాస్త ఎగిరిపడుతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

వరాహ తీరం: ఊగితే గంతు, తిరిగితే కాదా? పక్షపాతం!

నిర్వాహకుడు: వరాహ గారూ, ఆ బొమ్మకు అసలు కాలే లేదు. మీ దానికి ఉందా లేదా అన్నది ఇంకా తేలలేదు.

డాలస్ అల్లుడు: నాది స్లింకీ, అదే స్ప్రింగు బొమ్మ. మన దగ్గర రంగురంగుల ప్లాస్టిక్‌వి వచ్చేవి గుర్తుందా? మెట్లు దిగేది.

మెట్టుపైనఁ బెట్టి మెల్లగాఁ ద్రోయఁగాఁ
దీగచుట్ట లేచి దిగుచునుండెఁ;
దోక తలగ మారు, తోకగాఁ దల మారుఁ;
గాలు లేనివాఁడు గంతులిడెను.

దీని కథ కూడా చెప్తాను. 1943లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ జేమ్స్ అనే ఇంజినీరు ఓడల్లో సాధనాలు కుదుపులకు కదలకుండా పట్టి ఉంచే స్ప్రింగుల మీద పని చేస్తున్నాడు. ఒక స్ప్రింగు అరలోంచి జారి, కింద కుప్పగా పడకుండా అడుగులేసుకుంటూ దిగింది. పేరు పెట్టింది ఆయన భార్య బెట్టీ. 1945లో ఆ ఊరి గింబెల్స్ దుకాణంలో ఏటవాలు బల్ల మీద దాన్ని నడిపించి చూపిస్తే గంటన్నరలో 400 అమ్ముడుపోయాయి.

నిర్వాహకుడు: మూడో పాదం ఈ వారానికే వన్నె తెచ్చింది. స్లింకీ చేసే పని అదే: తల కింద పడి తోకవుతుంది, తోక పైకి లేచి తలవుతుంది. ఇంకే బొమ్మకూ ఈ పాదం అతకదు. కానీ రెండు చిక్కులు. మీరూ "గాలు" అనేశారు, ఇచ్చిన పాదం ముట్టుకోవద్దు. మూడో పాదం చివర వాక్యం ముగిసింది కాబట్టి అక్కడ ఆగి "కాలు" అనే ఉంచుకోవచ్చు. రెండోది, తీగచుట్ట నపుంసకం, నాలుగో పాదంలో "వాఁడు" ఎలా అయ్యాడు? రెండో పాదం ఇలా ఉంటే ఆ చిక్కు తీరుతుంది:

తీగమేనివాఁడు దిగుచునుండె

డాలస్ అల్లుడు: తీగమేనివాఁడు! తీసుకున్నాను మాస్టారూ. మా పిల్లల స్లింకీ కొన్న మర్నాడే చిక్కుపడిపోయింది. దాన్ని విడదీయడం ఈ సమస్య కంటే కష్టం.

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు స్లింకీకి, ఆ తర్వాత తంజావూరు బొమ్మకు. నవ్వించినందుకు బిళ్లకు. వచ్చే వారం తేటగీతి:

"బొమ్మ యాఁకలి కేడ్చెను పొద్దుపొడుపు"

ఓరుగల్లు పిల్లగాడు: అన్నా, ఇది సమస్యే కాదు! తమగోచి. 1996లో జపాన్‌లో వచ్చిన గుడ్డు బొమ్మ. మూడు మీటలు, తిండి పెట్టకపోతే కీచుకీచుమని అరుస్తది.

నిర్వాహకుడు: తమగోచి పేరు ఎవరో ఒకరు ఎత్తుతారని తెలుసు, గంట కూడా పట్టలేదు. సరే, షరతు మారుస్తున్నాను: బ్యాటరీ ఉన్న బొమ్మ కుదరదు. గురువారం రాత్రిలోపు పంపండి.

వరాహ తీరం: బొంగరం ఏడవదు కదా... చూద్దాం.