డూలా పని నేర్చుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

అనంతపురం అమ్మాయి, న్యూజెర్సీ
అందరికీ నమస్కారం. పెళ్లయి ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది, మా ఆయనది హెచ్‌1బీ ఉద్యోగ వీసా, భార్యగా నేను హెచ్‌4 వీసా మీద ఉన్నాను. చదివింది బీకాం. ఊర్లో మా అక్క రెండు కాన్పులకూ పక్కనే ఉండి చూసుకున్నది నేనే. ఇక్కడ డూలాలని ఉంటారనీ, కాన్పప్పుడు తల్లికి తోడుండటమే వాళ్ల పని అనీ మొన్ననే తెలిసింది. ఒక ఆన్‌లైన్ కోర్సు చూశాను, డబ్బులు కట్టేయమంటారా? మా ఆయనేమో "తోడుండటానికి కూడా డబ్బులిస్తారా?" అని నవ్వుతున్నాడు.

ప్రొద్దుటూరు అక్క, ఎడిసన్
ఇప్పుడే కట్టొద్దు చెల్లీ. ఈ పనిలో నాకు ఎనిమిదేళ్లు. నర్సింగ్ చదవకపోయినా ఏం కాదు, అమెరికాలో డూలాకు లైసెన్స్ కూడా తప్పనిసరి కాదు. నీకు అడ్డొచ్చేది వీసా. హెచ్‌4 మీద చదువుకోవచ్చు, సంపాదించకూడదు. మీ ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయ్యుంటే నువ్వు ఈఏడీకి, అంటే పని చేసుకునే పర్మిట్‌కు, అప్లై చేసుకోవచ్చు, 2015 నుంచి ఆ వీలుంది. అది చేతికొచ్చేదాకా ఎవరి దగ్గరా డాలర్ తీసుకోవద్దు.

మా జేజి మంత్రసాని. కడుపు తడిమి బిడ్డ ఎటు తిరిగిందో చెప్పేది, పురుడు పోసేది, బొడ్డు కోసేది. ఆ పనుల్లో ఒక్కటీ మనది కాదు. బీపీ చూడటం, బిడ్డ గుండె వినడం, మందు చెప్పడం, అన్నీ నర్సు, మిడ్‌వైఫ్, డాక్టర్ చూసుకుంటారు. మనం నడుము నొక్కుతాం, నీళ్లు తాగిస్తాం, పక్కకు తిప్పి పడుకోబెడతాం, నర్సు గబగబా చెప్పింది తెలుగులో నెమ్మదిగా మళ్లీ చెప్తాం. ఒకసారి కడప పిల్ల ఒకటి నొప్పి వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని "అమ్మా" అని అరుస్తుంటే, నర్సు అదే నా పేరనుకుని గోడ మీది బోర్డులో రాసేసింది. షిఫ్ట్ మారినా తెల్లారేదాకా అందరికీ నేను అమ్మానే.

నోరు అదుపులో పెట్టుకోవడమే నాకు కష్టంగా వచ్చింది. నేను తోడెళ్లిన మూడో కాన్పులో ఆ అమ్మాయి ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా నడుముకిచ్చే మందు, అడిగితే "ఇంకాసేపు ఓర్చుకోలే" అన్నాను. మంచికే అన్నాననుకున్నా. తర్వాత ఆమె నా ఫోన్ ఎత్తలేదు. ఆమె ఒళ్లు, ఆమె నొప్పి. అడ్డం పడటానికి నేనెవరు?

మీ ఆయనకు ఇది చూపించు: వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ వాళ్లు 2017లో 26 అధ్యయనాలు, 15 వేలకు పైగా తల్లుల వివరాలు కలిపి చూస్తే, కాన్పంతా వదలకుండా తోడున్నచోట సిజేరియన్లు తక్కువ, నొప్పుల సమయమూ తక్కువ. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ ఉంది కదా, మన న్యూజెర్సీలో అది 2021 నుంచి డూలాలకు డబ్బులిస్తోంది, కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి.

కడప అన్న, డాలస్
ఒక మాట తల్లీ. "ఫ్రీగా చేస్తే ఉద్యోగం కాదులే" అనుకోవద్దు. మామూలుగా జీతమిచ్చే పనిని ఊరికే చేసినా వీసాకు చిక్కు రావచ్చు. మా ఇంటావిడ వేరే పనిలో ఇలాగే ఇరుక్కోబోయింది. ముందు లాయర్‌ను అడగండి.

అనంతపురం అమ్మాయి
థాంక్స్ అన్నా, అడుగుతాను. అక్కా, సర్టిఫికెట్ మరి?

ప్రొద్దుటూరు అక్క
ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. నాది డోనా ఇంటర్నేషనల్, 1992లో మొదలైంది. వర్క్‌షాప్‌లో కూర్చుంటే అయిపోదు. పుస్తకాలు చదవాలి, పాలివ్వడం గురించి క్లాసు చెయ్యాలి, కాన్పులకు వెళ్లి మనమెలా చేశామో రాయించుకోవాలి. నువ్వు చూసిన కోర్సు చివర్లో ఏమిస్తారో అడుగు. మెడికెయిడ్‌లో చేరాలంటే ఏ శిక్షణ చెల్లుతుందో స్టేట్ వెబ్‌సైట్‌లో చూసుకుని అప్పుడు కట్టు.

కర్నూలు వదిన, ఫ్రీమాంట్
నేను కాన్పులకు వెళ్లను, బాలింతలను చూసుకునే డూలాను. నీకు ఇది నప్పుతుందేమో చూడు. అమ్మకు వీసా రాని ఇళ్లు మనవాళ్లలో ఎన్నో. కాన్పు డూలా అయితే 38వ వారం నుంచి ఫోన్ తలకింద పెట్టుకుని పడుకోవాలి. నాది పగటి పని. పప్పుచారన్నం, వెల్లుల్లికారం చేసి పెడతాను, తల్లిని రెండు గంటలు నిద్రపోనిస్తాను.

చిక్కల్లా పెద్దవాళ్లతో. సాంబ్రాణి పొగ వేస్తే అపార్ట్‌మెంట్‌లో అలారం మోగి ఫైరింజన్ వచ్చింది, అది నవ్వుకునే సంగతి. పసిబిడ్డకు తేనె నాకిస్తామంటే మాత్రం నవ్వను. ఏడాది నిండేదాకా తేనె పనికిరాదు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. అత్తగారితో వాదన పెట్టుకోను, "డాక్టర్‌ను ఒక మాట అడుగుదాం పెద్దమ్మా" అంటాను. బాలింతకు పెట్టే కాయం మందు కూడా అంతే, తల్లి బీపీ మాత్రలు వాడుతుంటే అడక్కుండా పెట్టను. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసినా, తలనొప్పి తగ్గకుండా కళ్లు మసకబారినా, జ్వరం 100.4 ఉన్నా, దాటినా కషాయాలతో కూర్చోవద్దు, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయించు. మరీ ఎక్కువగా ఉంటే 911.

ఇంకోటి, ఆ ఇంట్లో చూసింది గుడి దగ్గర ప్రసాదం తింటూ చెప్పకూడదు. మన ఊళ్ల గుంపులో మాట ఒక్క పూటలో అందరికీ చేరుతుంది. ఆ తర్వాత మళ్లీ ఎవరూ పిలవరు.

అనంతపురం అమ్మాయి
వదినా, మీరు చెప్పిందే నాకు నచ్చింది. ఇంతకీ ఇళ్లకు ఎలా వెళ్తారు? నాకింకా డ్రైవింగ్ లైసెన్స్ లేదు, లెర్నర్ పర్మిట్ మాత్రమే ఉంది.

ప్రొద్దుటూరు అక్క
అయితే కోర్సు కంటే ముందు రోడ్ టెస్ట్ బుక్ చేసుకో. శనివారం పొద్దున మా ఇంటికి రండి ఇద్దరూ, ఉగ్గాని బజ్జీ చేస్తాను. పారలల్ పార్కింగ్ మా ఆయన నేర్పిస్తాడు, నాకు నేర్పినప్పటికంటే ఇప్పుడు కాస్త ఓపిక వచ్చిందిలే.