‘అంగమేజయత్వం’ అంటే బలహీనతేనా?

పతంజలి యోగసూత్రాలలో మొదటి భాగమైన సమాధిపాదంలోని ‘అంగమేజయత్వం’ అనే మాటకు ‘శరీర దౌర్బల్యం’ అని అర్థం చెప్పడం సరైనదేనా అని మన బెంగళూరు సభ్యురాలు ఒకరు అడిగారు. ఉద్యోగం నిలుస్తుందో ఊడుతుందో తెలియని ఈ రోజుల్లో ఆసనం వేస్తుంటే ఒళ్లు వణుకుతోందని, ఆ వణుకు మాట వినాలో వదిలెయ్యాలో తేలడం లేదని కూడా ఆమె రాశారు. ఈ రెండో ప్రశ్నకు జవాబు మొదటిదానిలోనే ఉన్నదని నా అభిప్రాయం.

‘దుఃఖదౌర్మనస్యాంగమేజయత్వశ్వాసప్రశ్వాసా విక్షేపసహభువః’ అన్నది 31వ సూత్రం. ‘ఏజ్’ ధాతువుకు వణకడమని అర్థం. వణికించడం అనే అర్థంలో దానిమీద ‘ఏజేః ఖశ్’ అనే పాణినీయ సూత్రం (3.2.28) ప్రత్యయాన్ని విధిస్తుంది. భారతకథ విన్న జనమేజయుడి పేరు సిద్ధించేది కూడా ఈ సూత్రంతోనే. జనులను వణికించేవాడు జనమేజయుడు, అంగాలను వణికించేది అంగమేజయం. యోగసూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం కూడా ‘ఏజయతి’ అన్నదానిని ‘కంపయతి’ అనే వివరించింది. కాబట్టి దౌర్బల్యమనే అర్థం ఇక్కడ పొసగదు. కండబలం దండిగా ఉన్నవారికి కూడా కాళ్లు వణికే సందర్భాలు ఉంటాయి కదా.

అసలు కీలకం ‘సహభువః’ అన్న పదంలో ఉంది. దుఃఖం, మనసు కలత, ఒళ్లు వణుకు, ఎగశ్వాస అనే ఈ నాలుగూ చిత్తం చెదిరినప్పుడు దానితోపాటే పుట్టేవి అని దీని భావం. దీనికి ముందున్న 30వ సూత్రం చిత్తాన్ని చెదరగొట్టే తొమ్మిది అంతరాయాలను చెబుతూ వ్యాధి, స్త్యానాల (చిత్తం మొద్దుబారడం) తరువాత మూడవదిగా సంశయాన్ని పేర్కొంది. సంశయాన్ని భాష్యకారుడు ‘ఉభయకోటిస్పృక్’ అని నిర్వచించాడు. ఇది ఇలాగే అవుతుందా, కాదా అని రెండు కొసలనూ తాకుతూ ఏ కొసనా నిలవని జ్ఞానం అది. ఈ వణుకు, ఈ ఎగశ్వాస చెదిరిన చిత్తానికే కలుగుతాయని, కుదురుకున్న చిత్తానికి కలగవని కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. అందువల్ల దేహం ఇచ్చే ఈ సంకేతాన్ని మనం పూర్తిగా నమ్మవచ్చు, కానీ అది దేనికి సాక్ష్యం చెబుతోందో అంతవరకే నమ్మాలి. కొత్త కొలువుకు సరేనని జవాబు రాయబోయే వేళ కడుపులో దేవినట్టయితే, మనం ఇంకా రెండు కొసల మధ్య ఊగుతున్నామన్న సంగతి నిజం. ఆ కొలువు చెడ్డదన్న తీర్పు మాత్రం కడుపు ఇవ్వలేదు, దానిని మనమే కలుపుకుంటున్నాం. ‘నీ ఒళ్లు ఏం చెబితే అది చెయ్యి’ అని ఈమధ్య విరివిగా వినబడుతున్న సలహాతో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే.

ఇటువంటి నమ్మకమైన సాక్ష్యం మన పోతన గజేంద్రుడిలో కనిపిస్తుంది. ‘కలడో లేడో’ అని సంశయంలో పడిన గజేంద్రుడే కొద్ది పద్యాల తరువాత ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను’ అంటాడు. ఒంట్లో, ప్రాణంలో జరుగుతున్నదానిని దాచకుండా, పెంచకుండా, వరుసగా చెప్పుకున్నాడు. ‘విలోలం’ అన్నది కూడా చలించడమే, ఊగడమే. అంగమేజయత్వానికి పక్కనే నిలబెట్టదగిన తెలుగు కవి ప్రయోగమని నేను భావిస్తాను.

అభ్యాసంలో ఈ సాక్ష్యాన్ని వినడం ఎలాగన్నది ఇక మిగిలింది. బెంగళూరు పార్కుల్లో ఉదయం యోగా నేర్పేవారు కన్నడంలో ‘ఉసిరు బిడి’ అంటూ ఉంటారు. ఈ ఉసిరు మన ‘ఉసురు’కు తోబుట్టువే, తమిళుల ‘ఉయిర్’ కూడా ఆ కుటుంబానిదే. వాళ్లకు అది నిత్యం వాడే శ్వాస, మనకు అది ప్రాణం, తగిలితే శాపం. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడినవారిని దగ్గరనుంచి గమనించండి. కాలివేళ్లు చాపను పట్టుకుంటాయి, దవడ బిగుసుకుంటుంది, చాలాసార్లు ముందుగా ఊపిరి ఆగి ఆ తరువాతే చీలమండ ఊగడం ఎక్కువవుతుంది. నిలకడ కోసం చీలమండ కొద్దిగా కదలడం సహజం, కుర్చీలో కూర్చున్నట్టు నిలిచే ఉత్కటాసనంలో అలసిన తొడ అదరడమూ సహజం, ఆసనం విడిచిన కాసేపటికే అవి సద్దుమణుగుతాయి. శవాసనంలో పడుకున్నాక కూడా ఒళ్లు వణుకుతూ, ఊపిరి పొట్టిగా, తెంపులు తెంపులుగా సాగుతూ ఉంటే సూత్రం చెప్పిన వణుకు అదేనని నేను అనుకుంటాను. ఈ రెంటినీ వేరుచేసి పట్టుకోవడమే ఇందులో నేర్చుకోవలసిన విద్య, అది పుస్తకం చదివితే వచ్చేది కాదు.

పతంజలి చూపిన ఉపాయాలలో ఒకటి, 34వ సూత్రం, ‘ప్రచ్ఛర్దన’తో, అంటే ఊపిరిని బయటకు విడవడంతో మొదలవుతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరిగి, విడిచేటప్పుడు తగ్గుతుందన్నది శరీరశాస్త్రం కూడా చెప్పే విషయం. ఆ సూత్రంలో ‘వా’ అన్న అక్షరాన్ని మాత్రం దాటవేయకండి. ఇదైనా సరే, మరొకటైనా సరే అని ఆయన వెసులుబాటు ఇచ్చాడు కనుక, ఊపిరి బిగబడితే కంగారు పెరిగేవారు, రక్తపోటు ఉన్నవారు అందులోనే చెప్పిన ‘విధారణ’ (ఊపిరిని నిలపడం) జోలికి వెళ్లకుండా విడవడంతోనే ఆగిపోవచ్చు.

అంతరాయాల వరుసలో మొట్టమొదటిది వ్యాధి అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా చేతులు వణుకుతూ, గుండెదడ వదలక, బరువు తగ్గుతూ ఉంటే దానికి చిత్తవిక్షేపమని పేరు పెట్టి ఊరుకోకుండా వైద్యుడిని కలిసి థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

ఇక మాట విషయానికి వస్తే, నా వరకు నేను దీనిని ‘ఒళ్లు కుదురు తప్పడం’ అని తెలుగు చేస్తాను. కుండ కింద పెట్టే కుదురు జారితే కుండకు చిల్లు పడకపోయినా అది నిలవదు, దౌర్బల్యమన్న మాటలో ఈ తేడా రాదు. అయితే ‘వణుకు’ అన్న ధాత్వర్థం ఇందులో కొంత పలచబడుతుందన్న ఆక్షేపణను ఒప్పుకుంటాను. కోలారు, హోసూరు ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఈ స్థితికి మరింత దగ్గరి మాట వాడుకలో ఉంటే, ఏ సందర్భంలో ఎలా అంటారో వాక్యంతో సహా సభ్యులు ఇక్కడ రాయగలరు.