అప్‌డేట్: ఫార్మ్‌డి ఇంటర్న్‌షిప్‌, వార్డులో మా పనేంటి అని అడిగాను కదా

ఫార్మ్‌డి అంటే ఆరేళ్ళ ఫార్మసీ కోర్సు. అందులో ఆరో ఏడు, జనరల్ మెడిసిన్‌లో ఆరు నెలల పోస్టింగ్. రౌండ్స్‌లో వెనక నిలబడటమే తప్ప మమ్మల్ని ఎవరూ పట్టించుకోవట్లేదు, ఏం చేయాలని అప్పుడు అడిగాను. రౌండ్స్‌కి ముందే కేస్ షీట్లు చదువుకుని వెళ్ళమని ఎక్కువమంది చెప్పారు. అందరికీ చాలా థ్యాంక్స్, అదే పనిచేసింది.

వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతున్న ఒక పెద్దాయనకి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఇది పడితే వార్ఫరిన్ ఒంట్లోంచి త్వరగా పోదు, రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. "మేడం, ఐఎన్‌ఆర్ ఒకసారి చూద్దామా?" అని పీజీ డాక్టర్ గారిని అడిగాను. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష అది. వెంటనే శాంపిల్ పంపించారు, 4 దాటింది, అంటే ఉండాల్సిన దానికంటే ఎక్కువ. వార్ఫరిన్ డోసు మార్చారు. అప్పట్నుంచి ఆవిడే పిలిచి మందుల గురించి అడుగుతున్నారు.

నాకు ఇంకా నచ్చింది డిశ్చార్జ్ కౌన్సెలింగ్. ఆయాసంతో వచ్చిన ఒకమ్మ రోటాక్యాప్‌లు (లోపలి పొడిని పీల్చాల్సిన క్యాప్సూల్స్) నీళ్ళతో మింగేస్తోంది! "మాత్రే కదమ్మా" అంది. రోటాహేలర్‌లో (ఆ పొడిని పీల్చే పరికరం) పెట్టి, తిప్పి, గట్టిగా పీల్చి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టి, తర్వాత నోరు పుక్కిలించడం దాకా ఆమె చేతే చేయించాను. అంతకుముందు ఎవరూ చూపించలేదట. ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో.

స్టైపెండ్ మాత్రం ఇంకా రాలేదు. కాలేజీని అడిగితే హాస్పిటల్ అంటారు, హాస్పిటల్‌ని అడిగితే కాలేజీ అంటారు. అందరం కలిసి లెటర్ ఇచ్చాం.

తర్వాతి పోస్టింగ్ పీడియాట్రిక్స్. అక్కడ చేసినవాళ్ళెవరైనా ఉంటే, బరువుని బట్టి డోసు లెక్కలకి ముందుగా ఏం చదవాలో చెప్పండి.