ఎం.ఎస్. నారాయణకు తాగుబోతు వేషాలు మేలు చేశాయా, కీడు చేశాయా?

గోదావరి గట్టు:
నిన్న రాత్రి ‘దూకుడు’ మళ్లీ చూశాను. ఎన్నోసారో లెక్క లేదు. ఇంట్లో అందరూ పడుకున్నారు కాబట్టి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాల్సి వచ్చింది. సినిమా పిచ్చి ముదిరిన బొక్కా వెంకట్రావుగా మన హాస్యనటుడు ఎం.ఎస్. నారాయణ, తనను హీరోగా పెట్టి సినిమా తీస్తున్నారని నమ్మేసి, ఒక్కొక్క వేషమూ ఎంత నిష్ఠగా వేస్తాడు! నవ్వించాలన్న ఆత్రం ఆ ముఖంలో మచ్చుకైనా ఉండదు.

నవ్వడం అయిపోయాక దిగులేసింది. 2015 జనవరి 23న ఆయన పోయిన రోజు మా ఆఫీసులో అందరూ తలచుకున్నది తాగుబోతు వేషాలనే. నిడమర్రులో పుట్టి, భీమవరం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. 1997లో ఇ.వి.వి. తీసిన ‘మా నాన్నకు పెళ్లి’లో తాగుబోతుగా వేసి నంది అందుకున్నారు. ఆ తర్వాత ఆయన పేరు చెబితే దర్శకులకు గ్లాసే గుర్తొచ్చింది. ఆ వేషం ఆయనకు అన్నం పెట్టింది, నిజమే. కానీ అందులోనే ఆయనను కట్టిపడేశారని నా వాదన. కాదంటారా?

నేల టికెట్టు:
కాదనే అంటాను. తాగుబోతు వేషం చులకన అని ఎవరన్నారు? తూలడం, పడటం, కేకలు వేయడం ఎవరైనా చేస్తారు. ఈయన తూలడం తక్కువ. కళ్లు సగం మూసి, మాటను నోట్లోనే కాసేపు నానబెట్టి, అవతలివాడు ఇక వదిలేశాడనుకున్నాక మెల్లగా బయటకు తీసేవారు. వాక్యం మత్తుగా మొదలైనా చివర క్రియ మాత్రం సరిగ్గా వచ్చి కూర్చునేది. తెలుగు మాస్టారు తాగినా వ్యాకరణం తాగలేదన్నమాట! ఆ విరుపు పాఠం చెప్పిన నోటికి తప్ప రాదు. పాత్ర ఒకటే అయితే ఏమిటి, అందులో ఆయన వేసిన సంగతులు వేరు. ఒకే రాగం జీవితాంతం పాడిన విద్వాంసుడిని తక్కువ చేస్తామా?

శ్రీకాకుళం సుబ్బులు:
రాగంతో పోలిక బాగానే ఉంది కానీ, ఆ రాగం ఎంచుకున్నది ఆయనా, నిర్మాతలా? సుమారు 700 సినిమాలన్నారు. ఎన్నింటిలో ఆయనకు రెండో దృశ్యం ఇచ్చారో చెప్పండి.

ఇంకో మాట, కాస్త పక్కకు వెళ్తున్నాను. మా నాన్న తాగేవారు. ఇంట్లో టీవీలో అలాంటి దృశ్యం వస్తే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను మాత్రం ఎం.ఎస్. గారి దృశ్యాలకు నవ్వేదాన్ని. ఆయన తాగి ఎవరినీ కొట్టేవాడిలా కనిపించేవారు కాదు, పాపం అనిపించేది. నవ్వినందుకు మళ్లీ నా మీద నాకే కోపం వచ్చేది. ఇది ఆయన గొప్పతనమా, సినిమావాళ్ల తప్పా అని నన్ను అడగకండి.

పాత పోస్టరు:
ఇక్కడ ఒక తమాషా చూడండి. నిజంగా పాఠాలు చెప్పిన ఎం.ఎస్. చేతికి సీసా ఇచ్చారు. ‘నువ్వు నేను’లో లెక్చరరు వేషం ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారికి వెళ్లింది. ఆయనా దాన్ని దున్నేశారనుకోండి. మన పరిశ్రమలో ఎవరికి ఏది వచ్చో ఎవరూ అడగరు, క్రితం శుక్రవారం ఏది ఆడిందో అదే అడుగుతారు.

అయితే ‘కట్టిపడేశారు’ అన్న మాటకు నేను ఒప్పుకోను. ‘దుబాయ్ శీను’లో ఆయన వేసిన సినిమా హీరో ఫైర్ స్టార్ సాల్మన్ రాజును మరిచారా? గోదావరి గట్టు గారు ఎత్తిన ‘దూకుడు’కూ నంది వచ్చింది. పైగా ఆయన ఊరికే కూర్చోలేదు. 2004లో తన కొడుకును హీరోగా పెట్టి ‘కొడుకు’ అనే సినిమాకు దర్శకత్వం వహించారు. అది ఆడలేదు. ఆడి ఉంటే మనం ఈరోజు వేరే గొడవ పడుతుండేవాళ్లం.

గోదావరి గట్టు:
సాల్మన్ రాజు దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. కానీ అది 2007, బొక్కా వెంకట్రావు 2011. అలాంటి వేషం కోసం మొదటి నంది తర్వాత పదేళ్లు ఆగాల్సి వచ్చిందా లేదా? నా దిగులు ఆ పదేళ్ల గురించే. సుబ్బులు గారూ, మీ మాట చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేల టికెట్టు:
ఆ పదేళ్లూ థియేటర్లో నేను డబ్బులిచ్చి నవ్వాను, అది వృథా అంటే ఊరుకోను. ఈ ఆదివారం ‘దుబాయ్ శీను’ పెడుతున్నాను. మీరూ పెట్టుకోండి, సోమవారం మిగతా గొడవ పడదాం. తువ్వాలు మాత్రం దగ్గర ఉంచుకోండి.