ఎన్‌బీఏ పాయింట్లలో ఏ కాలేజీది పైచేయి?

కోర్టుపక్క:
మా వాట్సాప్ గ్రూపులో తేలని గొడవ ఇక్కడ పెడుతున్నా. ఎన్‌బీఏకి, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగుకి, గొప్ప స్కోరర్లను ఇచ్చిన కాలేజీ ఏది? ఒక్కో కాలేజీ నుంచి టాప్ ముగ్గురిని తీసుకుని రెగ్యులర్ సీజన్ పాయింట్లు కలిపాను. ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు) లేవు, అప్పటి పోటీ లీగు ఏబీఏ లేదు.

యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ): కరీం అబ్దుల్ జబ్బార్ 38,387, రెజీ మిల్లర్ 25,279, 26 వేలు దాటిన రసెల్ వెస్ట్‌బ్రూక్. మొత్తం 89 వేల పైమాటే.
నార్త్ కరొలినా: మైకేల్ జోర్డాన్ 32,292, విన్స్ కార్టర్ 25,728, ఆంట్వాన్ జేమిసన్ 20,042. మొత్తం 78,062.
హ్యూస్టన్: ఎల్విన్ హేస్ 27,313, హకీం ఒలాజువాన్ 26,946, క్లైడ్ డ్రెక్స్‌లర్ 22,195. మొత్తం 76,454.
ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ): షకీల్ ఓనీల్ 28,596, బాబ్ పెటిట్ 20,880, పీట్ మారవిచ్ 15,948. మొత్తం 65,424.

లెబ్రాన్, కోబీ, డర్క్ లాంటి పెద్ద స్కోరర్లు కాలేజీలో ఆడలేదు కాబట్టి వాళ్ళ ఊసు వద్దు. నా ఓటు యూసీఎల్‌ఏకే.

ఒంగోలు కుర్రోడు:
కాన్సస్ ఏదన్నా? విల్ట్ చాంబర్లెన్ 31,419, పాల్ పియర్స్ 26,397. ఇద్దరే 57 వేలు దాటించారు.

హ్యూస్టన్ శ్రీను:
కోర్టుపక్క గారూ, వేర్వేరు కాలాల పాయింట్లను ఒకే తక్కెడలో వేస్తే ఎలా? ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత (దాని అవతలి నుంచి వేస్తే రెండు బదులు మూడు పాయింట్లు, అదే త్రీ) వచ్చిందే 1979-80 సీజన్‌లో. అప్పటికి హేస్ పదకొండు సీజన్లు ఆడేశాడు. ప్రతి త్రీని రెండు పాయింట్లుగా లెక్కేయండి. కార్టర్‌కి 2,290, జోర్డాన్‌కి 581 తగ్గుతాయి. జేమిసన్ జోలికి వెళ్ళకుండానే నార్త్ కరొలినా 75,191కి దిగుతుంది. మా వాళ్ళలో హేస్, హకీం ఇద్దరూ కలిపి కొట్టిన త్రీలు 30, డ్రెక్స్‌లర్‌వి 827. తీసేసినా 75,597 మిగులుతుంది. రెండో స్థానం హ్యూస్టన్‌ది.

వెస్ట్‌వుడ్ వాసు:
శ్రీను గారూ, గీత లేకపోతే కార్టర్ ఆ షాట్లు మానేసి కూర్చునేవాడా? లోపలికి వెళ్ళి రెండుకు కొట్టేవాడు, ఫౌల్ తెచ్చుకునేవాడు. ఆట మారితే షాట్లు మారతాయి. అయినా మీరు రెండో స్థానం కోసం కొట్టుకుంటున్నారు. కరీం కెరీర్ మొత్తంలో కొట్టిన త్రీ ఒక్కటి. మీ లెక్కలో ఆయనకి పోయేది ఒక్క పాయింటే!

హ్యూస్టన్ శ్రీను:
కరీం సంగతి సరే, వెస్ట్‌బ్రూక్‌ను ఏ ముఖంతో కలుపుకుంటారు? యూసీఎల్‌ఏలో ఉన్నది రెండేళ్ళు. మొదటి ఏడాది సగటు 3.4 పాయింట్లు, ఎక్కువ సేపు బెంచీ మీదే. ఇప్పుడు 26 వేలూ మావే అంటే ఎట్లా?

వెస్ట్‌వుడ్ వాసు:
తీసేయండి. ఆ చోట గెయిల్ గుడ్‌రిచ్ 19,181 పెట్టండి. 82,847 వస్తుంది. ఇప్పుడూ మేమే ముందు. ఇంకేం తీసేయాలి?

లక్ష్మి, డాలస్:
కాలేజీలో సగటు 44.2 కొట్టిన మారవిచ్‌కి ఎన్‌బీఏలో 15,948. కాలేజీలో 17.7 మాత్రమే ఉన్న జోర్డాన్‌కి 32,292. కాలేజీకీ ఎన్‌బీఏ స్కోరుకీ సంబంధం ఏముందో ముందు అది చెప్పండి.

హ్యూస్టన్ శ్రీను:
మంచి ప్రశ్న అడిగారు లక్ష్మి గారూ. నేను చెప్పేది అదే. కరీం న్యూయార్క్ స్కూల్లో ఉన్నప్పుడే దేశమంతా తెలుసు, ప్రతి కోచ్ ఆ ఇంటి తలుపు తట్టినవాడే. తయారై వచ్చినవాణ్ణి తీసుకోవడం వేరు, తయారు చేయడం వేరు. హకీం 1980లో లాగోస్ నుంచి వచ్చాడు. అక్కడ ఆడింది హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపింగ్. మొదటి సంవత్సరం మ్యాచ్‌లే ఆడలేదు. వేసవిలో ఫాండే రిక్రియేషన్ సెంటర్‌లో ఎన్‌బీఏ స్టార్ మోజెస్ మలోన్‌కి ఎదురు నిలబడి, తోపులు తిని, బాస్కెట్‌కి వీపు పెట్టి ఆడటం నేర్చుకున్నాడు. 1984 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే చోట, మొదటి పేరు అతనిదే, జోర్డాన్ మూడోవాడు. హేస్, డ్రెక్స్‌లర్, హకీం ముగ్గురికీ కోచ్ ఒక్కడే, గై లూయిస్. ఒకే మనిషి చేతి కింద నుంచి 76 వేల పాయింట్లు!

ఇంకోటి. 1968 జనవరి 20, హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియం, కాలేజీ మ్యాచ్‌కి 52,693 మంది జనం. హ్యూస్టన్ 71, యూసీఎల్‌ఏ 69. హేస్ 39 పాయింట్లు, మీ కరీం 15.

వెస్ట్‌వుడ్ వాసు:
ఆ రోజు కరీం కంటి గాయంతో ఆడాడు. అదే ఏడాది మార్చిలో కాలేజీల జాతీయ పోటీ సెమీఫైనల్ స్కోరు కూడా చెప్పండి. యూసీఎల్‌ఏ 101, హ్యూస్టన్ 69. మీకు నచ్చిన మ్యాచ్ ఒక్కటే గుర్తుంటుంది.

పాత గార్డు:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. శ్రీను గారూ, హకీంకి నేర్పింది మోజెస్ మలోన్ అని మీరే రాశారు. మలోన్ కాలేజీ మొహం చూడలేదు, హైస్కూల్ నుంచి నేరుగా ఏబీఏకి వెళ్ళాడు. ఎన్‌బీఏలో 27,409 పాయింట్లు, మీ ముగ్గురిలో ఎవరికన్నా ఎక్కువ. మరి హకీం పాయింట్లు కాలేజీ ఖాతాలో ఎందుకు వేస్తున్నారు?

నాకు ఈ లెక్క ఎందుకు గుచ్చుకుంటుందో చెప్తాను. తొంభైల్లో కోస్తాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీకి పాయింట్ గార్డుగా (బంతి నడిపించే ఆటగాడిగా) ఆడాను. సిమెంటు కోర్టు, నెట్ లేని రింగు, వర్షం పడితే ఫ్రీ త్రో గీత దగ్గర నీళ్ళు నిలిచేవి. చీపురుతో మేమే ఊడ్చుకునేవాళ్ళం. ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు వెళ్ళొస్తే అటెండెన్స్ తగ్గిందని కండొనేషన్ ఫీజు కట్టించారు. బూట్లకు మా నాన్న అప్పు చేశారు. ఇప్పుడు అదే కాలేజీ బ్రోషర్‌లో ‘మా క్రీడారత్నాలు’ అని మా టీమ్ ఫోటో వేసుకుంటోంది. ఆడినవాడి చెమట ఆడినవాడిదే. కాలేజీకి అందులో వాటా లేదు.

హ్యూస్టన్ శ్రీను:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ మీ ప్రిన్సిపాల్ మీద కోపం గై లూయిస్ మీద చూపిస్తారేంటి? మాట్లాడేది ఏమిటి, మీరు తెస్తున్నది ఏమిటి?

వెస్ట్‌వుడ్ వాసు:
ఆయన సొంత గోడు తెచ్చారు, ఒప్పుకుంటా. మీరు తెచ్చింది ఏంటి శ్రీను? పదేళ్ళుగా ప్రతి చర్చలో హ్యూస్టన్ జెండా. ఇది బాస్కెట్‌బాల్ కాదు, మీ డిగ్రీకి గౌరవం కావాలి, అంతే.

హ్యూస్టన్ శ్రీను:
కావాలి, తప్పా? అక్కడే ఎంఎస్ చేశాను. మొదటి ఇంటర్వ్యూలో రిక్రూటర్ నా రెజ్యూమె చూసి, పెద్ద పేరున్న చోట సీటు రాలేదా అని అడిగాడు. మన వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిసంబంధాలకి కూడా అదే ప్రశ్న. పేరున్న చోట చదివినవాడే గొప్పవాడు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మీ పట్టికా అదే చేస్తోంది.

హేస్ ఎక్కడివాడో తెలుసా? లూసియానాలో రేవిల్. సొంత రాష్ట్రంలో ఎల్‌ఎస్‌యూ ఉంది. పెటిట్ ఆడిన కాలేజీ, తర్వాత మారవిచ్ ఆడిన కాలేజీ. కానీ అక్కడ బాస్కెట్‌బాల్ టీమ్‌లోకి తొలి నల్లజాతి ఆటగాడు వచ్చింది 1970ల మొదట్లో. హేస్ కాలేజీ వయసు 1964. హ్యూస్టన్‌లో తొలిసారి నల్లజాతి ఆటగాళ్ళను తీసుకున్నది ఆ ఏడాదే, హేస్‌నీ డాన్ చేనీనీ. ఆ తలుపు తెరిచినందుకు కాలేజీకి లెక్కలో చోటు ఇవ్వరా? పాత గార్డు గారూ, మీ కాలేజీ మిమ్మల్ని అడ్డుకుంది, అందుకే మీకు వాటా లేదనిపిస్తుంది. హేస్‌ని వాళ్ళు రానిచ్చారు. పదహారు సీజన్లు, 1,303 మ్యాచ్‌లు, సరిగ్గా 50,000 నిమిషాలు ఆడిన మనిషి.

పాత గార్డు:
ఇది మొదటే రాయాల్సింది కదండీ, త్రీల లెక్కలతో సగం చర్చ తినేశారు. రానిచ్చిన చోటికి పేరు ఇవ్వండి, అభ్యంతరం లేదు. పాయింట్లు మాత్రం ఇవ్వను. రానివ్వడం వాళ్ళ బాధ్యత, దానికి బహుమానం అడగకూడదు.

లక్ష్మి, డాలస్:
అలా అయితే ఎల్‌ఎస్‌యూ 65,424 పక్కన, రానివ్వక పోగొట్టుకున్న హేస్ 27,313 కూడా కనిపించాలి కదా?

వెస్ట్‌వుడ్ వాసు:
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అది యూసీఎల్‌ఏకి వర్తించదు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1940లోనే మా కాలేజీకి బాస్కెట్‌బాల్ ఆడాడు. పట్టికలో ఆ వరస పెట్టినా మేమే పైన.

కోర్టుపక్క:
ప్రతి కాలేజీ పక్కన నల్లజాతి ఆటగాళ్ళను తీసుకోవడం మొదలుపెట్టిన సంవత్సరం చేరుస్తున్నా. నార్త్ కరొలినాకి చార్లీ స్కాట్, 1966. కెంటకీవి, డ్యూక్‌వి తెలిసినవాళ్ళు పెట్టండి. కాన్సస్ కూడా ఎక్కిస్తా.

హ్యూస్టన్ శ్రీను:
చేర్చండి. త్రీలు తీసేసిన మొత్తం కూడా పక్కనే ఉండాలి. 75,597.